అరవైల తరాన్ని ఎవరూ అడగని ప్రశ్న

1960ల గురించి ఎవరు మాట్లాడినా ఒక జాబితా చదువుతారు. గ్రీన్స్‌బరోలో భోజనం కౌంటర్ ముందు కదలకుండా కూర్చున్న నల్లజాతి విద్యార్థులు, బీటిల్స్ పాటలు, వియత్నాం యుద్ధం, పారిస్ వీధుల్లో లేచిన బారికేడ్లు, ప్రాగ్‌లోకి దిగిన సోవియట్ ట్యాంకులు, చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు. ఇంగ్లిష్ చానళ్లలో ఆ దశాబ్దం మీద డాక్యుమెంటరీలకు కొదవ లేదు. ఆ జాబితాలో ఖమ్మం ఉండదు. సదాశివపేట ఉండదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఉండదు.

ఇది మన సమైక్యవాద మిత్రులకు బాగా కలిసొచ్చింది. '69 అంటే ఏముంది, నాలుగు గుమస్తా ఉద్యోగాల కోసం జరిగిన గొడవ, పదవులు దొరకని నాయకులు పిల్లల్ని రెచ్చగొట్టారు, పదవులు దొరకగానే చల్లబడ్డారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను చదువుకున్న సోషల్ పుస్తకాల్లో ఆ ఒక్క ముక్క కూడా లేదు. ఫ్రెంచి విప్లవం ఉంది, రష్యా విప్లవం ఉంది, మా నాన్న ఒక ఏడాది చదువు పోగొట్టుకున్న ఉద్యమం మాత్రం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. 1969 తెలంగాణ ఆ దశాబ్దపు ప్రపంచ చరిత్రకు బయట, ఎక్కడో మూలన జరిగిన సంఘటన కాదు. అరవైలలో దేశదేశాల్లో ఒక తరం "మమ్మల్ని అడగకుండా మా సంగతి ఎట్లా తేలుస్తారు" అని నిలదీసింది. మన దగ్గర ఆ ప్రశ్నకు పదును ఇంకా ఎక్కువ. ఎందుకంటే మనల్ని అడగాలని ఒక కమిషన్ కాగితం మీద రాసి పెట్టింది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఆ కాగితం ఫజల్ అలీ కమిషన్ నివేదిక. 1955లో ఇచ్చిన ఆ నివేదికలో కమిషన్ తెలంగాణను ఆంధ్రతో వెంటనే కలపమని చెప్పలేదు. హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కావాలంటే అప్పుడు కలపవచ్చు అంది. అంటే విలీనమా, కాదా అనే నిర్ణయాన్ని కమిషన్ అరవైలకు, అప్పటి ఓటర్లు ఎన్నుకునే సభకు వదిలింది. అయిదారేళ్లు ఆగడానికి కూడా ఓపిక లేక 1956 నవంబర్ 1న కలిపేశారు. 1969లో వీధుల్లోకి వచ్చిన పిల్లలు 1956లో ప్రాథమిక పాఠశాలలో ఉన్నవాళ్లు. వాళ్ల తల్లిదండ్రులను కూడా ఎవరూ అడగలేదు.

అడగడానికి బదులుగా ఇచ్చింది పెద్దమనుషుల ఒప్పందం. 1956 ఫిబ్రవరి 20న అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుని సంతకాలు పెట్టారు. అటు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఇటు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు కావాలి. ఉద్యోగాలకు, కాలేజీ సీట్లకు రక్షణలు ఉండాలి.

కాంట్రాక్టులు చదవడం, రాయడం నా బతుకుతెరువు కాబట్టి ఒక మాట చెప్తాను. ఈ ఒప్పందాన్ని ఇప్పుడు నా ముందు పెడితే అయిదు నిమిషాల్లో తిప్పి పంపిస్తాను. ఏం చెయ్యాలో అందులో ఉంది. చెయ్యకపోతే ఏమవుతుందో లేదు. పర్యవేక్షణకు ప్రాంతీయ సంఘం ఉంది, కానీ దాని చేతిలో బొక్కసం తాళంచెవి లేదు. జరిమానా క్లాజు లేదు, బయటికి వచ్చే క్లాజు అసలే లేదు. సంతకం పెట్టినవాడే అమలు చేసేవాడు, ఉల్లంఘించేవాడు, ఉల్లంఘన జరిగిందా లేదా అని తీర్పు చెప్పేవాడు. మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి పదవిని పక్కన పెట్టారు. అది ఆరో వేలు లాంటిదని ఆయన అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒప్పందం మీద ఆయన సంతకం తడి ఆరి సంవత్సరం కూడా కాలేదు. ఇక డబ్బు సంగతి. ఉద్యమం మొదలయ్యాక 1969లో వేసిన కుమార్ లలిత్ కమిటీ, 1956 నవంబర్ నుంచి 1968 మార్చి దాకా తెలంగాణలో ఖర్చు కాని మిగులు 34.10 కోట్ల రూపాయలని తేల్చింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు అరవైలకు వద్దాం. ఆ దశాబ్దంలో అన్ని చోట్లా పిల్లలే ఎందుకు ముందుకొచ్చారు? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు అప్పుడే కాలేజీలకు చేరారు. ప్రభుత్వాలు బడులు పెంచాయి, యూనివర్సిటీలు పెంచాయి. ఇళ్లల్లో మొదటిసారి డిగ్రీ దాకా చదివే తరం వచ్చింది. చదువుకున్నవాడు పాత కాగితాలు తీసి చదువుతాడు. రాజ్యాంగంలో ఏం రాశారు, మా ఊళ్లో ఏం జరుగుతోంది అని పోల్చి చూస్తాడు. అమెరికాలో నల్లజాతి విద్యార్థి అదే చేశాడు. ఢాకా విద్యార్థి అదే చేశాడు. వరంగల్, ఖమ్మం, నిజామాబాద్‌లలో మనవాడూ అదే చేశాడు. నిజాం కాలంలో ఊరికి ఒక బడి కూడా లేని చోట అరవైలకు వచ్చేసరికి డిగ్రీ కాలేజీలు వచ్చాయి. ఆ కాలేజీల నుంచి బయటికి వచ్చిన పిల్లవాడికి, తనకు రావాల్సిన ఉద్యోగంలో దొంగ ముల్కీ సర్టిఫికెట్‌తో ఇంకొకరు కూర్చుని కనిపించారు.

1969 జనవరి క్యాలెండర్ ఒకసారి చూడండి. 8వ తేదీన ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి రక్షణలు అమలు చెయ్యమని నిరాహారదీక్షకు కూర్చున్నాడు. 16న ప్రాగ్‌లో యాన్ పలాఖ్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి సోవియట్ ఆక్రమణకు నిరసనగా ఒంటికి నిప్పంటించుకున్నాడు, 19న చనిపోయాడు. 20న ఢాకాలో అసదుజ్జమాన్ అనే విద్యార్థి నాయకుడు పోలీసు తూటాకు బలయ్యాడు. ఆ మర్నాడు, 21న, హైదరాబాద్‌లో ప్రభుత్వం జీవో 36 ఇచ్చింది. నిబంధనలకు విరుద్ధంగా తెలంగాణ ఉద్యోగాల్లో చేరిన స్థానికేతరులను ఫిబ్రవరి నెలాఖరులోగా వెనక్కి పంపుతామని అందులో ఒప్పుకుంది. 24న సదాశివపేటలో కాల్పులు జరిగాయి.

ఈ పిల్లల్లో ఎవరికీ ఇంకొకరి పేరు తెలియదు. సెల్‌ఫోన్ లేదు. ప్రాగ్‌లో అడిగింది దేశ స్వాతంత్ర్యం, ఢాకాలో అడిగింది ఓటు హక్కు, ప్రాంతానికి స్వయంపాలన, ఖమ్మంలో అడిగింది ఒప్పందం అమలు. మూడూ ఒకటని నేను అనను. కానీ మూడు చోట్లా పెద్దలు తమ తలుపులు వేసుకుని రాసుకున్న ఏర్పాటును పిల్లలు ఒప్పుకోలేదు. మార్చిలో మళ్లీ చూడండి. 25న ఆయూబ్ ఖాన్ గద్దె దిగాడు. మూడు రోజులకు, 28న, మన సుప్రీంకోర్టు పబ్లిక్ ఎంప్లాయ్‌మెంట్ చట్టంలోని తెలంగాణ నివాస నిబంధన చెల్లదని తీర్పు ఇచ్చింది. జీవో 36కు ఆధారమే పోయింది. రక్షణలు అడిగిన పిల్లలు రాష్ట్రం అడగడం మొదలుపెట్టింది ఆ తర్వాత ఇంకా గట్టిగా. ఏప్రిల్ 11న ఇందిరాగాంధీ ఎనిమిది సూత్రాల పథకం ప్రకటించారు. మే 1న రాజ్‌భవన్ వైపు నడిచిన ఊరేగింపు మీద తుపాకులు పేలాయి. ఆ ఏడాది మొత్తం మీద ప్రాణాలు పోయినవాళ్లు 369 మంది అని ఉద్యమకారుల లెక్క. గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం వాళ్లదే.

ఆ దశాబ్దంలో సంస్కృతి కూడా తిరగబడిందని పుస్తకాలు చెప్తాయి. మన దగ్గరా తిరగబడింది. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడితో ఆవిష్కరింపజేశారు. జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు ఇటువాళ్లు. వాళ్లతో చేయి కలిపిన మహాస్వప్న, నగ్నముని అటువాళ్లు. కవిత్వం కలిసి రాయడానికి ఎవరికీ ఒకే ముఖ్యమంత్రి అవసరం కాలేదు. '69 ఉద్యమంలో ముందు వరసలో నిలబడ్డవాళ్లలో ఈశ్వరీబాయి ఉంది, సదాలక్ష్మి ఉంది. ఇద్దరూ దళిత కుటుంబాల నుంచి వచ్చిన మహిళలు. ప్రపంచం మొత్తం మీద స్త్రీలు, అణగారిన కులాలు, జాతులు గొంతెత్తిన దశాబ్దం అని అరవైలను పొగిడేటప్పుడు ఈ ఇద్దరి పేర్లు కూడా చెప్పుకోవాలి.

'ఉద్యోగాల గొడవ' అన్నవాళ్లకు జవాబు ఆ ఏడాదిలోనే ఉంది. జూన్‌లో టీఎన్జీవోలు సమ్మె చేశారు. వాళ్లందరికీ అప్పటికే ఉద్యోగాలున్నాయి. మా నాన్న ఆ ఏడు హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాడు. పరీక్షలు లేవు, ఏడాది పోయింది. ఈ ప్రశ్న నేను వేసినప్పుడు ఆయన అన్నమాట ఇది: "నౌకరి కోసమే అయితే నౌకరి ఉన్నోళ్లు ఎందుకు బందు పెట్టిన్రు బిడ్డా? మాట ఇచ్చి తప్పిన్రు. గదీ లొల్లి."

మన దేశంలోనే అరవైలలో ఇంకేం జరిగిందో చూస్తే మనకు జరిగింది ఇంకా బాగా అర్థమవుతుంది. రాష్ట్రం విడగొడితే దేశం ముక్కలవుతుందని మనకు చెప్పిన కాంగ్రెస్ ప్రభుత్వమే 1960 మే 1న బొంబాయి రాష్ట్రాన్ని మహారాష్ట్ర, గుజరాత్‌లుగా విడగొట్టింది. 1963 డిసెంబర్‌లో నాగాలాండ్ ఏర్పడింది. 1966 నవంబర్ 1న పంజాబ్ నుంచి హర్యానా విడిపోయింది. నవంబర్ 1! ఆంధ్రప్రదేశ్ పదో పుట్టినరోజున ఢిల్లీ ఇంకో రాష్ట్రాన్ని విడగొట్టి ఇచ్చింది. మహారాష్ట్ర తొమ్మిదో పుట్టినరోజున, మే 1న, హైదరాబాద్‌లో కాల్పులు జరిగాయి. ఆ దశాబ్దంలో కొత్త రాష్ట్రం అనేది అసాధ్యమైన కోరిక కాదు. మనకు మాత్రమే అసాధ్యం.

ఆ దశాబ్దంలో ఆంధ్ర ప్రాంతపు పిల్లలు కూడా రోడ్డెక్కారు. 1966లో విశాఖ ఉక్కు కోసం. అక్కడా కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి. వాళ్ల పోరాటం న్యాయమైనదే. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ అంటే కంటికి కనబడే వస్తువు, కట్టారా లేదా అన్నది దారిన పోయేవాడు కూడా చెప్పగలడు. మనకు ఇచ్చినవి సూత్రాలు. వాటిని పాటించారో లేదో తెలుసుకోవడానికి మళ్లీ ఒక కమిటీ వెయ్యాలి.

1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో ప్రజలు తమ జవాబు తామే చెప్పారు. దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీస్తుంటే తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితికి ఇచ్చారు. ఫజల్ అలీ కమిషన్ అరవైల మొదట్లో అడగమన్న ప్రశ్నకు దశాబ్దం ఆలస్యంగా, ఎవరూ అడగకుండానే వచ్చిన జవాబు అది. మూడింట రెండొంతులు అంటే 14కు 10 సీట్లు. లెక్క సరిపోయింది, దిశ మాత్రం విలీనానికి ఎదురు. ఆ సెప్టెంబర్‌లో ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి మారితే ప్రశ్న తీరుతుందా? మరుసటి ఏడు సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇవ్వగానే అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది, ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి, రాజ్యాంగంలో 371-డి చేరింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు. వాటి ఉల్లంఘనలను సరిచేయడానికి 1985 డిసెంబర్‌లో 610 జీవో. ఆ జీవో అమలు కాలేదని 2001లో గిర్‌గ్లానీ కమిషన్. ఒక కాగితం తప్పును దిద్దడానికి ఇంకో కాగితం, ఇట్లా అయిదు దశాబ్దాలు గడిచిపోయాయి.

ఇక్కడ ఒక మిత్రుడు న్యాయమైన ప్రశ్న వెయ్యవచ్చు. పెద్దమనుషుల ఒప్పందానికి చట్టబద్ధత లేదు సరే, 371-డి రాజ్యాంగంలోనే ఉంది కదా, అది కూడా ఎందుకు పనిచెయ్యలేదు? దీనికి జవాబు అమెరికా అరవైలలో దొరుకుతుంది.

నల్లజాతి వాళ్లకు ఓటు హక్కు అమెరికా రాజ్యాంగంలో 1870లోనే చేరింది. 95 ఏళ్లు అది కాగితం మీదే ఉంది. కారణం చిన్నది. ఓటర్ల పేర్లు నమోదు చేసే గుమస్తా అదే కౌంటీలోని తెల్లవాడు. పరీక్ష పెట్టేది అతనే, ఫెయిల్ చేసేదీ అతనే. 1965లో వచ్చిన ఓటు హక్కుల చట్టం గొప్పదనం కొత్త హక్కు ఇవ్వడంలో లేదు. ఆ నమోదు పుస్తకాన్ని స్థానిక గుమస్తా చేతిలోంచి తీసి, అవసరమైన చోట కేంద్రం పంపిన అధికారుల చేతిలో పెట్టడంలో ఉంది. మిసిసిపీలో అప్పటిదాకా అర్హులైన నల్లజాతి వాళ్లలో నూటికి ఏడుగురు కూడా ఓటర్లు కారు. 1967 నాటికి నూటికి దాదాపు 60 మంది అయ్యారు. రెండేళ్లలో! అదే రాజ్యాంగం, అదే ఊరు, అదే మనుషులు. పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నది మారింది.

371-డి విషయంలో ఆ పుస్తకం చేతులు మారలేదు. స్థానికుడెవరో తేల్చేది, పోస్టులు లెక్కపెట్టేది, తప్పు జరిగితే సరిదిద్దాల్సింది అదే సచివాలయం. కాబట్టి మనం అడిగింది ఇంకొక రక్షణ కాదు. ఆ పుస్తకమే మన చేతికి రావాలని అడిగాం. దానికి రాజ్యాంగంలో ఉన్న పేరు రాష్ట్రం.

"ఒకే భాష మాట్లాడేవాళ్లకు రెండు రాష్ట్రాలెందుకు?" అన్నది మనకు తరచూ ఎదురైన ప్రశ్న. నేను ఉండే చోట ఆ ప్రశ్న అడిగితే జనం నవ్వుతారు. మిష్రిఫ్‌లో మేం ఉండేది ఒక కువైటీ కుటుంబం విల్లాలో, పై అంతస్తు అద్దెకు. ఇంటాయన తండ్రి డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు ఈ దేశంలో చెల్లింది ఇండియా రూపాయే అని, గల్ఫ్ కోసం విడిగా అచ్చు వేసిన నోట్లు తాను వాడానని నాకు చెప్తుంటాడు. కువైట్ దినార్ వచ్చింది 1961 ఏప్రిల్‌లో. అదే ఏడు జూన్ 19న, 1899 నాటి ఒప్పందం రద్దై బ్రిటిష్ రక్షణ ముగిసి కువైట్ స్వతంత్రమైంది. వారం తిరగకముందే ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం కువైట్ తమ బస్రాలో భాగమన్నాడు. ఒకే భాష, ఒకే మతం, ఒకే జాతి అన్నదే వాదన. అప్పుడు కువైట్ జనాభా మూడు లక్షల పైచిలుకు మాత్రమే. చిన్నదేశం బతకదని అన్నవాళ్లూ ఉన్నారు. 1962 నవంబర్‌లో వీళ్లు రాజ్యాంగం రాసుకున్నారు, 1963 జనవరిలో మొదటి జాతీయ అసెంబ్లీని ఎన్నుకున్నారు. 2012 నవంబర్‌లో ఆ రాజ్యాంగానికి 50 ఏళ్లు నిండాయని కాల్చిన బాణసంచా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దేశాల స్వాతంత్ర్యం వేరు, దేశం లోపల రాష్ట్రం వేరు, నాకు తెలుసు. నేను పోల్చేది 'ఒకే భాష కాబట్టి ఒకే పాలన' అన్న వాదనను మాత్రమే.

ఆ వాదనను అరబ్బులు అరవైలలోనే పరీక్షించి చూశారు. 1958లో ఈజిప్టు, సిరియా కలిసి ఒకే దేశమయ్యాయి. నాసర్ మీద అభిమానంతో సిరియన్లే ఊరేగింపులు తీశారు. మూడేళ్లు తిరిగేసరికి తమ ఆఫీసుల్లో, సైన్యంలో కైరో నుంచి వచ్చినవాళ్లే పెత్తనం చేస్తున్నారని డమాస్కస్‌లో అసంతృప్తి పేరుకుంది. 1961 సెప్టెంబర్‌లో సిరియా విడిపోయింది. అది సైనిక తిరుగుబాటుతో జరిగింది, మనకు ఆదర్శం కాదు. కానీ విడిపోయాక ఏమైంది? డమాస్కస్ ఉమ్ కుల్సుమ్ పాటలు వినడం మానలేదు. కైరో సిరియా కవి నిజార్ ఖబ్బానీని చదవడం మానలేదు. భాషను బతికించేది సచివాలయం కాదని ఇక్కడి మామూలు మనిషికి కూడా తెలుసు.

కువైట్‌లో తెలుగువాళ్లంటే ఎక్కువమంది కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల వాళ్లు. మా వీధిలోనే ఒక విల్లాలో డ్రైవర్‌గా చేసే రాయచోటి తమ్ముడు ఒకరోజు నన్ను అడిగాడు: "అన్నా, మీకు తెలంగాణ ఇస్తే రేపు మేం హైదరాబాద్‌లో దిగల్లంటే గూడా అకామా కావల్లేమో?" సగం ఎగతాళి, సగం నిజమైన భయం. అతనికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. కువైట్, సౌదీ, ఖతర్ వేర్వేరు దేశాలు, అయినా ఆ దేశాల పౌరులు సివిల్ ఐడీ చూపించి సరిహద్దు దాటుతారు. రాష్ట్రాల మధ్య అయితే ఆ కార్డు కూడా అక్కర్లేదు. ఇంకొక మాట కూడా అన్నాను. మీ రాయలసీమకూ ఒక ఒప్పందం ఉంది తమ్ముడూ, 1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో మీకు మొదటి హక్కు అని కోస్తా నాయకులు రాసిచ్చారు. ఆ నీళ్లు మీ ఊరికి వచ్చుంటే నువ్వు ఈ ఎడారిలో స్టీరింగ్ పట్టుకునేవాడివా? అతను కాసేపు ఏమీ అనలేదు. మన పోరాటం అతని మీద కాదని అతనికి అర్థమైతే చాలు.

ఆ విషయంలో మనం కూడా నిజాయితీగా ఉండాలి. 1969లో పొట్టకూటి కోసం వచ్చిన మామూలు ఆంధ్ర ఉద్యోగుల ఇళ్ల మీద దాడులు జరిగాయి. అది తప్పు. ఉద్యమానికి దానివల్ల మేలు జరగలేదు, కీడే జరిగింది. అరవైల ఉద్యమాలన్నీ గెలవలేదన్నదీ నిజమే. మెక్సికోలో 1968 అక్టోబర్ 2న ఒలింపిక్స్‌కు పది రోజుల ముందు విద్యార్థులను కాల్చి చంపారు. ప్రాగ్ ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. కానీ ఓపికగా అడిగి గెలిచిన చోటు కూడా ఒకటుంది, మనలో చాలామందికి తెలియనిది. స్విట్జర్లాండ్‌లో బెర్న్ అనే పెద్ద రాష్ట్రంలో ఇరుక్కున్న జూరా అనే ప్రాంతం అరవైలలో తనకు విడి రాష్ట్రం కావాలని గట్టిగా అడిగింది. అక్కడి ప్రభుత్వం చివరకు చేసిన పని సులువైనది. 1974లో జూరా ప్రజలనే అడిగింది. అవునన్నారు. 1978లో దేశం మొత్తాన్ని అడిగింది. అవునన్నారు. 1979 జనవరి 1 నుంచి జూరా స్విస్ సమాఖ్యలో ఒక రాష్ట్రం. స్విట్జర్లాండ్ ముక్కలు కాలేదు.

ఇక తర్వాతి సంగతి. 2009 డిసెంబర్ 9న ప్రకటన చేశారు, రెండు వారాల్లో వెనక్కి తీసుకున్నారు. శ్రీకృష్ణ కమిటీ వేశారు. మిలియన్ మార్చ్, సకల జనుల సమ్మె చూశారు. 2012 డిసెంబర్ 28న అఖిలపక్షం పెట్టి నెల రోజుల్లో తేలుస్తామన్నారు. నెల దాటింది. నెల అంటే 30 రోజులు కాదని ఢిల్లీ పెద్దలు కొత్త లెక్క చెప్పారు. మళ్లీ ప్యాకేజీ అని, ప్రాంతీయ మండలి అని, శ్రీకృష్ణ కమిటీ చెప్పిన ఆరో మార్గం అని గుసగుసలు వినిపించాయి. అంటే 1956 కాగితానికి కొత్త కవరు. ఎవరు తెచ్చినా, మన పార్టీ వాళ్లే తెచ్చినా, దాన్ని ఒప్పుకోకూడదనుకున్నాం. రాజ్యాంగం మూడో అధికరణ కింద పార్లమెంటులో బిల్లు తప్ప మరో కాగితం మనకు అక్కర్లేదన్నాం.

ఆ ఆలస్యానికి మన పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. యాన్ పలాఖ్ పేరు పైన రాశాను కాబట్టి ఇదీ రాయాలి. ప్రాగ్‌కు విముక్తి వచ్చింది 1989లో, చౌరస్తాల్లో బతికి నిలబడ్డ లక్షల మంది వల్ల. ఊళ్లో తమ్ముళ్లు, మేనల్లుళ్లు ఉన్నవాళ్లు అప్పుడు ఫోన్ చేసి చెప్పాల్సిన మాట ఒకటే. తెలంగాణ వచ్చిన రోజు చూడటానికి మీరుండాలి, మీ ఓటు, మీ చదువు ఆ రాష్ట్రానికి కావాలి అని.

విదేశాల్లో ఉన్న మనం చెయ్యగలిగిన పని ఇంకొకటి ఉంది. '69లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. జయశంకర్ సార్ 2011లో వెళ్లిపోయారు, కొండా లక్ష్మణ్ బాపూజీ 2012లో వెళ్లిపోయారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఏ కాలేజీ, ఏ ఊరేగింపు, ఏ జైలు, ఏ తేదీ అని అడిగి రాసిపెట్టండి. ఫోన్‌లో రికార్డు చేసినా చాలు. పారిస్ '68 ప్రపంచానికి గుర్తుండటానికి కారణం అక్కడివాళ్లు రాసుకున్నారు, ఫొటోలు దాచుకున్నారు. మన వాళ్లు కూడా అదే దశాబ్దంలో, అంతే ధైర్యంగా నిలబడ్డారు. అరవైలలో వాళ్లను ఎవరూ అడగలేదు. కనీసం మనమైనా అడుగుదాం.

జై తెలంగాణ!